నాళాలకు కబురంపే కణితి

సిడ్నీ టూంగాబీలో రైలెక్కితే మూడో స్టేషన్ వెస్ట్‌మీడ్. అక్కడి స్టోర్ లివర్ సెంటర్‌లో కాలేయం మీద పరిశోధన ఏళ్లుగా సాగుతోంది. మనవాళ్ల మధ్య లివర్ క్యాన్సర్ మాటొస్తే ముందు మందు అలవాటు గురించే అడుగుతారు. రక్తనాళాల ఊసెత్తరు. ఆ క్యాన్సర్‌కు వాడే మందుల కథ మాత్రం ఆ నాళాలతోనే మొదలైంది.

ఆరోగ్యమైన కాలేయానికి ముప్పాతిక వంతు రక్తం పోర్టల్ సిర తెస్తుంది. కణితి పెరిగేకొద్దీ ధమని రక్తానికి అలవాటు పడుతుంది. అందుకే సీటీ స్కాన్‌లో రంగుమందు ఎక్కించగానే కణితి తెల్లగా వెలుగుతుంది, కాసేపటికి చుట్టుపక్కల కంటే నల్లబడుతుంది. ఆ కొత్త నాళాలను రప్పించేది ఎవరు?

కణితేనని 1971లో బోస్టన్ సర్జన్ జుడా ఫోక్‌మన్ అంటే నమ్మినవాళ్లు తక్కువ. 1983లో సెంగర్, డ్వోరాక్ బృందం నాళాల నుంచి నీరు ఊరేలా చేసే ప్రొటీన్‌ను పట్టుకుంది. వాళ్లు వాడినవాటిలో గినీపిగ్ కాలేయ క్యాన్సర్ కణాలున్నాయి! 1989లో జెనెన్‌టెక్‌లో ఫెరారా నాళాలను పెంచే ప్రొటీన్‌కు వీఈజీఎఫ్ అని పేరుపెట్టాడు. తీరా చూస్తే రెండూ ఒకటే. ఆక్సిజన్ చాలని కణం దాన్ని వదులుతుంది, నాళం గోడ మీది గ్రాహకం అందుకుని కొత్త కొమ్మ వేస్తుంది.

ఆ గ్రాహకాన్ని అడ్డుకునే మాత్రల్లో సొరాఫెనిబ్ ఒకటి. 2007లో అమెరికాలో లివర్ క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది. 602 మందిపై జరిగిన పరీక్షలో మధ్యస్థ ఆయుష్షు 7.9 నెలల నుంచి 10.7కు పెరిగింది. మూడు నెలలైనా లేదు. కానీ ముదిరిన దశలో అంతకుముందు ఏ మందూ ఆ మాత్రం చేయలేదు.

భారత్‌లో అప్పట్లో ఆ మందు నెలకు 120 మాత్రలు, ధర సుమారు 2.8 లక్షల రూపాయలు ఉండేది. 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ కురియన్ హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కోకు దేశంలోనే తొలి కంపల్సరీ లైసెన్స్ (పేటెంట్ యజమాని ఒప్పుకోకున్నా మందు తయారు చేసే అనుమతి) ఇచ్చారు. నెల మందు ధర 8,800 రూపాయలు దాటకూడదన్నారు. నా లెక్కలో ఈ ఉత్తర్వు ఏ ప్రయోగశాల విజయానికీ తీసిపోదు.

2020లో వీఈజీఎఫ్‌నే పట్టుకునే బెవాసిజుమాబ్‌ను ఇమ్యూనోథెరపీ మందు అటెజోలిజుమాబ్‌తో జతచేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఏడాది తర్వాత ఈ జంట వాడినవారిలో 67.2 శాతం మంది బతికున్నారు, సొరాఫెనిబ్ వాడినవారిలో 54.6 శాతం.

మందుల సంగతి అలా ఉంచితే, ఈ క్యాన్సర్‌కు పెద్ద కారణాల్లో ఒకటి హెపటైటిస్ బి. ఆ వైరస్ ఆనవాలు 1960ల్లో ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో దొరికింది, అందుకే దానికి మొదట ఆస్ట్రేలియా యాంటిజెన్ అని పేరు. మన దేశంలో పుట్టి ఇక్కడికొచ్చినవాళ్లు ఈసారి జీపీ దగ్గరికెళ్లినప్పుడు హెపటైటిస్ బి పరీక్ష రాయించుకోండి.