రెండు ప్లస్‌ల చరిత్ర

సీ భాష నేర్చుకున్నవాళ్లలో చాలామంది ఒక కథ వినే ఉంటారు. వేరియబుల్ విలువను ఒకటి పెంచే ++ గుర్తు పీడీపీ-11 అనే కంప్యూటర్ వల్ల పుట్టిందని ఆ కథ. మెమరీ చిరునామాను వాడుకుంటూనే దాన్ని ముందుకు జరిపే సదుపాయం ఆ యంత్రంలో ఉండేది కాబట్టి, దానికి సరిపోయేలా ఈ గుర్తును తయారుచేశారంటారు. వినడానికి నమ్మదగ్గట్టే ఉంటుంది కానీ తేదీలు ఒప్పుకోవు. పీడీపీ-11 వచ్చింది 1970లో. ++ పుట్టింది సీ భాషలో కాదు, దానికి ముందున్న బీ భాషలో. ఆ బీ భాష తయారవుతున్నప్పుడు పీడీపీ-11 అనేదే లేదు. సీ భాషను రూపొందించిన డెనిస్ రిచీ 1993లో రాసిన చరిత్ర పత్రంలో ఈ సంగతి స్పష్టంగా చెప్పారు. అయినా తరగతి గదుల్లో పాత కథే నడుస్తోంది.

అసలు కథ ఇంతకంటే బాగుంటుంది. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, మర్రే హిల్‌లో బెల్ ల్యాబ్స్ ఉండేది. మల్టిక్స్ అనే భారీ ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టు నుంచి ఆ సంస్థ 1969లో తప్పుకుంది. అందులో పనిచేసిన కెన్ థాంప్సన్‌కు పెద్దగా ఎవరూ వాడని పీడీపీ-7 ఒకటి దొరికింది. దాని మెమరీలో ఒక్కో గది 18 బిట్లు, అలాంటివి ఎనిమిది వేల చిల్లర. ఇప్పుడు ఫోనులో తీసే ఒక మామూలు ఫొటో కూడా అందులో పట్టదు. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తొలి రూపం అంత ఇరుకులోనే లేచి నిలబడింది. కేంబ్రిడ్జికి చెందిన మార్టిన్ రిచర్డ్స్ తయారుచేసిన బీసీపీఎల్ భాషను కుదించి, తన అభిరుచికి తగ్గట్టు చెక్కి, థాంప్సన్ బీ భాషను తయారుచేశారు. ++, విలువను ఒకటి తగ్గించే -- గుర్తులు దాని తొలి రూపాల్లో లేవు. భాష పెరుగుతున్నకొద్దీ మధ్యలో వచ్చి చేరాయి.

పీడీపీ-7లో ఒక విశేషం ఉంది. ఆక్టల్ లెక్కలో 10 నుంచి 17 దాకా చిరునామాలున్న ఎనిమిది మెమరీ గదులు మిగతావాటిలాంటివి కావు. వాటిలో ఒకదాని ద్వారా మరో గదిని చూడమంటే, యంత్రం ముందు ఆ గదిలోని అంకెను ఒకటి పెంచి, పెరిగిన అంకెనే చిరునామాగా తీసుకునేది. వరసగా పేర్చిన సమాచారాన్ని ఒక్కొక్కటే చదవాలంటే పెంచమని వేరే ఆదేశం ఇవ్వక్కర్లేదు. థాంప్సన్‌కు ఆలోచన బహుశా ఇక్కడే తట్టి ఉంటుందని రిచీ అంచనా. అయితే గుర్తును పేరుకు ముందూ పెట్టవచ్చు, వెనకా పెట్టవచ్చు, రెండింటికీ వేరువేరు ఫలితం ఉండాలి అన్నది పూర్తిగా థాంప్సన్ సొంత ఊహ. బీ భాషలో ++ను అమలు చేయడానికి ఆ ఎనిమిది గదుల్ని వాడనే లేదు. మరి అంత శ్రమ ఎందుకంటే, రిచీ చెప్పిన బలమైన కారణం చాలా సాదా. క = క + 1 అని రాస్తే కంపైలర్ తయారుచేసే కోడ్ కంటే ++క అని రాస్తే తయారయ్యే కోడ్ చిన్నది. ఎనిమిది వేల గదుల్లో బతుకుతున్నవాడికి ఒక్క గది మిగిలినా మిగిలినట్టే. ఈ పొదుపే నన్ను ఆకట్టుకుంటుంది. ఇవాళ కోట్లమంది వేళ్లకు అలవాటైన ఒక గుర్తు వెనక అందం కోసం చేసిన ప్రయత్నం లేదు, చోటు కోసం పడ్డ తపన ఉంది.

ముందు, వెనక అన్న తేడా తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. ఆసుపత్రిలో ఓపీ టోకెన్లు ఇచ్చే మనిషి దగ్గర బోర్డు మీద 7 ఉందనుకోండి. మీ చేతిలో 7 పెట్టి, ఆ తర్వాత బోర్డును 8కి మారిస్తే అది క++. ముందు బోర్డును 8కి మార్చి, ఆ 8నే మీ చేతిలో పెడితే అది ++క. ఎలా చేసినా చివరికి బోర్డు మీద ఉండేది 8. మీ చేతికి వచ్చిన అంకె మాత్రం వేరు. అంటే ఈ గుర్తు ఒకేసారి రెండు పనులు చేస్తోంది. ఒక విలువను చేతికిస్తోంది, వేరియబుల్‌నూ మారుస్తోంది. తర్వాతి యాభై ఏళ్లలో వచ్చిన తగువులన్నీ ఈ రెండు పనుల్ని ఒకే గుర్తులో ముడివేయడం వల్ల వచ్చినవే.

1970 వేసవి చివర్లో బెల్ ల్యాబ్స్‌కు పీడీపీ-11 చేరింది. ఆ వరసలో ముందుగా బయటికొచ్చిన యంత్రాల్లో అది ఒకటి. ఎంత ముందంటే, దాని డిస్క్ రావడానికి మరో మూడు నెలలు పట్టింది. అన్నాళ్లూ ఆ కంప్యూటర్ ఓ మూల కూర్చుని, 6×8 గళ్ల చదరంగం బల్ల మీద గుర్రం అన్ని గళ్లూ తిరిగి మొదలైన చోటికి చేరే దారులెన్నో లెక్కపెడుతూ ఉండిపోయిందట. డిస్క్ వచ్చింది, యూనిక్స్ అందులోకి మారింది, బీ భాషకు డేటా రకాలు చేర్చి రిచీ సీ భాషను తీర్చిదిద్దారు. 1973లో యూనిక్స్ కెర్నల్‌ను సీలో తిరగరాశారు.

ఈ కొత్త యంత్రం రిజిస్టర్‌లోని చిరునామాను వాడుకున్నాక పెంచగలదు, వాడుకునే ముందు తగ్గించగలదు. అందువల్ల *ప++, *--ప అని రాసినవి దాదాపు నేరుగా యంత్ర భాషలోకి దిగిపోయేవి. పాత యంత్రం మీద పుట్టిన గుర్తుకు కొత్త యంత్రం ఇలా అతికినట్టు సరిపోవడంతోనే కథ తలకిందులై ప్రచారమైంది. 1978లో బ్రయాన్ కెర్నిఘాన్, రిచీ కలిసి రాసిన సీ భాష పుస్తకంలో ఒక అక్షరాల వరసను మరోచోటికి నకలు చేసే ఉదాహరణ ఉంది. దాన్ని మన పేర్లతో రాస్తే ఇలా ఉంటుంది:

వైల్ (*గమ్యం++ = *మూలం++) ;

లూప్ లోపల ఏమీ లేదు, ఒట్టి సెమీకోలన్. అక్షరాన్ని తీసుకోవడం, అవతల పెట్టడం, రెండు చిరునామాల్నీ ముందుకు జరపడం, వరస ముగిసిందని చెప్పే సున్నా వచ్చిందో లేదో చూడడం అన్నీ ఆ బ్రాకెట్లలోనే జరిగిపోతాయి. మొదటిసారి చూసినవాళ్లు తికమకపడతారు, అర్థమయ్యాక మాత్రం మరచిపోలేరు. నా దృష్టిలో ++ పూర్తి శక్తితో కనిపించే చోటు ఇదే.

అదే పుస్తకం హెచ్చరిక కూడా చేసింది. ఎ[క] = క++ అని రాస్తే, ఎడమవైపున్న క పాతదా, పెరిగినదా? సీ భాష చెప్పదు. ఒక ఫంక్షన్‌కు పంపే రెండు విలువల్లో ఒకచోట ++న అని, పక్కనే న విలువను వాడిన ఉదాహరణకు రచయితలు తప్పు అని గుర్తు కూడా పెట్టారు. 1989లో అమెరికన్ ప్రమాణం వచ్చినప్పుడు ఈ నియమం మరింత పదునెక్కింది. ఒకే వేరియబుల్‌ను మధ్యలో ఏ హద్దూ లేకుండా రెండుసార్లు మారిస్తే ఆ ప్రోగ్రామ్ ఏం చేస్తుందో ప్రమాణం హామీ ఇవ్వదు. క విలువ 5 ఉన్నప్పుడు క = క++ అంటే 5 ఉండవచ్చు, 6 కావచ్చు, ఇంకేదైనా జరగవచ్చు. కంపైలర్ తనకు వీలైన క్రమంలో పని చేసుకునే స్వేచ్ఛ కోసం పెట్టిన నియమమిది.

ఇక్కడ మన విద్యార్థుల గురించి చెప్పకుండా ఉండలేను. తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో ఏళ్ల తరబడి టర్బో సీ అనే కంపైలర్ రాజ్యమేలింది. క++ + ++క + క++ విలువెంత అని వైవాలో అడిగారు, క్యాంపస్ సెలెక్షన్ల రాతపరీక్షల్లో అడిగారు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నోట్సుల్లో ఇలాంటివి జవాబులతో సహా చేతులు మారాయి. ఆ జవాబులు ఒక కంపైలర్ ఒకరోజు తెర మీద చూపిన అంకెలు మాత్రమే. మరో కంపైలర్ మరో అంకె చూపిస్తే అది కూడా తప్పు కాదు. ఈ ప్రశ్నకు సీ భాషలో జవాబే లేదు. జవాబు లేదని రాసిన పిల్లవాడికి మార్కులు పోయి, ఒక అంకె బట్టీపట్టి రాసినవాడికి వచ్చాయంటే అది అన్యాయం. చదువుకునే వయసులో నేర్పాల్సింది ఆ అంకెను కాదు, అలాంటి వాక్యం ఎందుకు రాయకూడదో.

తర్వాత వచ్చిన భాషలు ఒక్కోటి ఒక్కో దారి పట్టాయి. బ్యార్న్ స్ట్రౌస్‌ట్రప్ తన భాషకు 1983లో రిక్ మాసిట్టీ సూచించిన సీ ప్లస్ ప్లస్ పేరు పెట్టుకున్నారు. సొంతంగా తయారుచేసుకున్న డేటా రకాలకు కూడా ++ అర్థాన్ని మనమే నిర్ణయించుకునే వీలు అందులో ఉంది. కానీ మొదట్లో ముందు ++కూ వెనక ++కూ తేడా చెప్పే దారే లేదు. చివరికి వెనక వచ్చేదానికి ఏ పనీ చేయని ఒక ఇంట్ పారామీటర్‌ను గుర్తుగా తగిలించారు. క = క++ సంగతి ఆ భాషలో 2017 ప్రమాణంతో గానీ తేలలేదు. జావా 1995లో వస్తూనే అంతా ఎడమ నుంచి కుడికే అని తేల్చేసింది. అక్కడ క = క++ రాస్తే క విలువ మారదు. పెరుగుతుంది కానీ, ముందే చేతిలోకి తీసుకున్న పాత విలువ వచ్చి పైన కూర్చుంటుంది. పైథాన్ ఆ గుర్తును తీసుకోనే లేదు. ++క అని రాస్తే రెండు ధన చిహ్నాలుగా చదువుకుని, ఏ తప్పూ చూపించకుండా క విలువనే తిరిగి ఇస్తుంది. యాపిల్ వారి స్విఫ్ట్ 2014లో ++తోనే పుట్టింది. రెండేళ్లకు, స్విఫ్ట్ 3లో దాన్ని తీసేశారు. తీసేయమని ప్రతిపాదన రాసింది ఆ భాషకు రూపకర్త అయిన క్రిస్ లాట్నరే.

వీటన్నిటిలో నాకు ఎక్కువ విలువైనదిగా తోచేది గో భాష నిర్ణయం. గూగుల్‌లో 2007లో మొదలై 2009లో బయటికొచ్చిన ఈ భాష రూపకర్తలు ముగ్గురు. రాబర్ట్ గ్రీస్‌మర్, రాబ్ పైక్, మూడోవారు కెన్ థాంప్సన్. గోలో క++ ఉంది, కానీ అదొక విడి వాక్యం మాత్రమే. దాన్నుంచి విలువ తీసుకోలేం, మరో లెక్కలో ఇరికించలేం. ++క అసలే లేదు. అప్పటికి నలభై ఏళ్ల కిందట తాను ఒక గుర్తులో కలిపిన రెండు పనుల్లో ఒకదాన్ని థాంప్సన్ తన సహచరులతో కలిసి తీసేశారు. చిరునామాలతో లెక్కలు కట్టే పని గోలో లేదు కాబట్టి, పాత సౌకర్యం వల్ల వచ్చే లాభం తగ్గిపోయిందని ఆ భాష నిర్మాతల వివరణ.

ముందా, వెనకా అన్న చిక్కు ఇలా చాలా భాషల్లో తీరింది. పెంచడంలో ఉన్న మిగతా ప్రమాదాలు గుర్తు తీసేసినా పోవు. క++ చూడ్డానికి ఒక్క పనే అయినా లోపల చదవడం, కలపడం, తిరిగి రాయడం అని మూడు అంగలు. ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే రెండు థ్రెడ్‌లు ఒకేసారి 100ను చదివితే రెండూ 101నే రాస్తాయి, ఒక లెక్క మాయమవుతుంది. ఇక అంకె పెరుగుతూ పెరుగుతూ తన గదిలో పట్టకపోతే?

దీనికి వైద్యచరిత్రలో ఒక విషాదం సాక్ష్యం. కెనడా ప్రభుత్వరంగ అణుశక్తి సంస్థ ఏఈసీఎల్ తయారుచేసిన థెరాక్-25 అనే క్యాన్సర్ రేడియేషన్ యంత్రం 1985 జూన్ నుంచి 1987 జనవరి దాకా ఆరుగురు రోగులకు విపరీతమైన మోతాదు ఇచ్చింది. దాన్ని నడిపింది పీడీపీ-11 కుటుంబపు కంప్యూటరే. ప్రోగ్రామ్ అసెంబ్లీ భాషలో రాశారు. చికిత్సకు సిద్ధం చేసే దశలో ఒక పరీక్ష వందలసార్లు తిరిగేది. తిరిగిన ప్రతిసారీ క్లాస్3 అనే వేరియబుల్‌ను ఒకటి పెంచేవారు. అది సున్నా కాకుంటే, కిరణాన్ని నియంత్రించే భాగం సరైన చోట ఉందో లేదో చూడాలని అర్థం. ఆ వేరియబుల్‌కు ఇచ్చిన చోటు ఒక్క బైటు. 255 దాటితే మళ్లీ సున్నా. అంటే 256 సార్లకు ఒకసారి ఆ తనిఖీ జరగదు. 1987 జనవరి 17న వాషింగ్టన్ రాష్ట్రం యాకిమాలోని ఆసుపత్రిలో, ఆపరేటర్ సెట్ బటన్ నొక్కిన క్షణమూ, ఆ సున్నా వచ్చిన క్షణమూ ఒకటయ్యాయి. 86 రాడ్‌ల రేడియేషన్ అందాల్సిన రోగికి 8,000 నుంచి 10,000 రాడ్‌లు అంది ఉంటాయని తర్వాత అంచనా వేశారు. ఆ రోగి ఏప్రిల్‌లో చనిపోయారు.

అంతకు ముందున్న థెరాక్-20లో ఇలాంటి తప్పుల్ని అడ్డుకునే విడి పరికరాలుండేవి. కొత్త యంత్రంలో ఆ భారాన్ని సాఫ్ట్‌వేర్ మీదే వదిలారు. పెంచడం గురించి ల్యాబుల్లో ఒక ప్రశ్న అడగాలంటే నేను ఈ బైటు గురించే అడుగుతాను. ఇక్కడ జవాబు ఉంది, ఏ కంపైలర్ మీదైనా అదే జవాబు. క్లాస్3 చేయాల్సింది తనిఖీ కావాలా వద్దా అని చూపే జెండా పని, అంతే. ఎన్నిసార్లు తిరిగిందో ఎవరికీ అక్కర్లేదు. దాన్ని పెంచడానికే కారణం లేదు. ప్రమాదం తర్వాత చేసిన సవరణ కూడా ఇదే. పరీక్ష తిరిగిన ప్రతిసారీ ఆ వేరియబుల్‌ను ఒకటి పెంచడం మాని, సున్నా కాని ఒక స్థిరమైన విలువను అందులో రాసేలా మార్చారు.