అడుగుల్లో అమ్ముడుపోయిన కొండ

అమెరికా పశ్చిమాన, నేటి నెవాడా రాష్ట్రంలోని డేవిడ్‌సన్ కొండ తూర్పు వాలులో 1859లో ఒక పెద్ద వెండి, బంగారు నిక్షేపం బయటపడింది. దాని పేరు కామ్‌స్టాక్ లోడ్. తర్వాతి రెండు దశాబ్దాల్లో అక్కడ తవ్వి తీసిన లోహం విలువ దాదాపు 30 కోట్ల డాలర్లు. ఆ వాలు మీద వర్జీనియా సిటీ అనే పట్టణం వెలిసింది. సియెర్రా పర్వతాలకు ఇవతల తవ్వకం, అవతల సముద్రపుటొడ్డున శాన్ ఫ్రాన్సిస్కోలో షేర్ల బేరం. మధ్యలో ఒక టెలిగ్రాఫు తీగ. గనిలో ఏముందో ముందు తెలిసినవాళ్లు ఆ తీగకు ఒక కొసన ఉన్నారు. అందరికంటే చివర తెలుసుకున్నవాళ్లు రెండో కొసన డబ్బు చేతబట్టుకుని నిలబడ్డారు. కామ్‌స్టాక్ చరిత్రలో సంపద చేతులు మారిన తీరంతా ఈ తేడాలోనే ఉంది.

నల్లమట్టి విలువ

మొదట్లో ఆ వాలులో ఉన్నవాళ్లంతా బంగారు రేణువుల కోసం మట్టి కడుక్కునే సాదాసీదా మనుషులు. వాళ్లను ఎప్పుడూ విసిగించేది నీలం డాలు నల్లమట్టి. అది బరువుగా ఉండి, కడిగే తొట్లలో పేరుకుపోయి, బంగారాన్ని వేరుచేయనిచ్చేది కాదు. తిట్టుకుంటూ దాన్ని పారబోసేవారు. 1859 వేసవిలో ఆ మట్టిలో కొంత కాలిఫోర్నియాకు పరీక్షకు వెళ్లింది. టన్నుకు దాదాపు 3,000 డాలర్ల వెండి, 876 డాలర్ల బంగారం ఉన్నట్టు తేలింది. కబురు తెలిసిన కొద్ది రోజులకే కాలిఫోర్నియా జనం కొండదారి పట్టారు.

ఆ ఖనిజపు సిరను మొదట తవ్వింది పీటర్ ఓ'రైలీ, ప్యాట్రిక్ మెక్‌లాఫ్లిన్. ఆ నేల తనదేనని దబాయించి వాటా పుచ్చుకున్నవాడు హెన్రీ కామ్‌స్టాక్. నిక్షేపానికి అతని పేరే స్థిరపడింది. మెక్‌లాఫ్లిన్ తన వాటాను 3,500 డాలర్లకు, కామ్‌స్టాక్ సుమారు 11,000 డాలర్లకు వదులుకున్నారు. ఓ'రైలీ కొంతకాలం ఆగి దాదాపు 40,000 డాలర్లు తీసుకున్నాడు. ముగ్గురిలో ఎవరికీ ఆ సొమ్ము నిలవలేదు. 1870లో కామ్‌స్టాక్ మోంటానాలో ఆత్మహత్య చేసుకున్నాడు. తొలి రోజుల్లోనే ఓఫిర్ గనిలో వాటా కొన్న జార్జ్ హర్స్ట్ మాత్రం అక్కడినుంచే కోట్లకు పడగెత్తాడు. తర్వాతి కాలంలో పత్రికాధిపతిగా పేరుమోసిన విలియం రాండాల్ఫ్ హర్స్ట్ అతని కొడుకే.

కొలమానం అడుగు

గని హక్కును అక్కడివాళ్లు ఎకరాల్లో లెక్కపెట్టలేదు. సిర నేల మీద సాగిన పొడవునా ఎన్ని అడుగులుంటే అంత ఆస్తి. ఆ అడుగుల కింద సిర ఎంత లోతుకు దిగినా, ఎటు వాలినా వెంబడించి తవ్వుకోవచ్చు. అందుకే తొలి ఏళ్లలో బజారులో బేరమాడింది అడుగుల మీదే. అప్పు తీర్చడానికీ అడుగులే, బహుమతి ఇవ్వడానికీ అడుగులే. 1862లో వర్జీనియా సిటీ పత్రిక టెరిటోరియల్ ఎంటర్‌ప్రైజ్‌లో విలేకరిగా చేరిన శామ్యూల్ క్లెమెన్స్, అంటే మార్క్ ట్వేన్, తన ‘రఫింగ్ ఇట్’ పుస్తకంలో ఈ ఆచారాన్ని వర్ణించాడు. కొత్త గని గురించి నాలుగు మంచి మాటలు రాస్తే విలేకరికి కొన్ని అడుగులు ముట్టేవి.

ఒక అడుగు ఎంత చేయగలదో పక్క ఊరు గోల్డ్ హిల్‌లోని ఒక జంట జీవితం చూపిస్తుంది. శాండీ బౌవర్స్ గని మనిషి. ఐలీ స్కాట్లాండ్ నుంచి వచ్చి పూటకూళ్ల ఇల్లు నడిపేది. అతనికి పది అడుగులు, ఆమెకు ఆ పక్కనే పది అడుగులు. పెళ్లితో రెండూ కలిసి ఇరవై అడుగులయ్యాయి. ఆ ఇరవై అడుగుల మీద వచ్చిన ఆదాయంతో ఇద్దరూ యూరప్ చుట్టి వచ్చారు, వాషో లోయలో రాతి భవనం కట్టించుకున్నారు. ఖనిజం సన్నగిల్లాక సంపదా కరిగింది. 1868లో శాండీ పోయాడు. ఐలీ జాతకాలు చెప్పుకుంటూ బతికి, 1903లో పేదరాలిగా కన్నుమూసింది. ఆమె కట్టించుకున్న భవనం ఇప్పటికీ ఉంది.

అడుగు నుంచి షేరుకు

లోతుకు దిగేకొద్దీ తవ్వకం చిన్న మనుషుల చేయి దాటిపోయింది. ఖనిజం మెత్తగా, వెడల్పుగా ఉండటంతో పైకప్పు కూలిపోయేది. 1860లో ఫిలిప్ డైడెస్‌హైమర్ అనే జర్మన్ ఇంజినీరు దుంగలను చతురస్రపు చట్రాలుగా బిగించి, తేనెపట్టు గదుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చే పద్ధతి కనిపెట్టాడు. దానికి అడవులకు అడవులు కావాలి. నీళ్లు తోడే యంత్రాలు, ఖనిజం దంచే మిల్లులు కావాలి. దీనికితోడు సిర ఒక్కటా, అనేకమా అన్న వివాదం మీద పక్కపక్క గనులు ఏళ్ల తరబడి కోర్టుకెక్కాయి. ఇంత ఖర్చు మోయడానికి కంపెనీలు పుట్టాయి. అడుగుకు ఇన్నని లెక్కగట్టి షేర్లు ఇచ్చాయి.

1862 సెప్టెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో సుమారు నలభైమంది బ్రోకర్లు కలిసి స్టాక్ అండ్ ఎక్స్ఛేంజి బోర్డును స్థాపించారు. ఒక గది, వరసగా కుర్చీలు. ఒక్కో కంపెనీ పేరు వరస ప్రకారం చదివేవారు. ఆ పేరు వినపడగానే కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఒక్కసారిగా లేచి అరిచేవారు. బేరం కుదిరితే పద్దులోకి ఎక్కేది, వెంటనే తర్వాతి పేరు. ఆ ధరలు టెలిగ్రాఫు మీద వర్జీనియా సిటీలోని సి వీధి బ్రోకర్ల దుకాణాలకు చేరేవి. గనిలోంచి పైకి వచ్చిన కూలీ కూడా బల్ల మీద రాసిన ధర చూసే ఇంటికి వెళ్లేవాడు.

మొదటి జోరు ఎక్కువకాలం నిలవలేదు. 1863లో గూల్డ్ అండ్ కర్రీ గని అడుగు ధర 6,300 డాలర్లకు ఎక్కింది. 1864 మధ్యకల్లా 900కు పడిపోయింది. పైపొరల్లోని ఖనిజం అయిపోవస్తోందన్న భయం ఊరంతా పాకింది.

షేరు పట్టుకున్నవాడి భారం

నేటి మదుపరికి షేరు కొన్నాక పోయేది పెట్టిన సొమ్ము వరకే. కామ్‌స్టాక్ షేరు అలాంటిది కాదు. తవ్వకానికి డబ్బు చాలనప్పుడు కంపెనీ డైరెక్టర్లు షేరుకు ఇంతని కట్టమని వాటాదారులకు తాఖీదు పంపేవారు. దాని పేరు అసెస్‌మెంటు. గడువులోగా కట్టనివారి షేర్లను వేలం వేసేవారు. ఖనిజం దొరుకుతుందన్న ఆశతో జనం ఏళ్ల తరబడి కడుతూనే ఉండేవారు. బులియన్ అనే గని వాటాదారుల నుంచి 30 లక్షల డాలర్లకు పైగా వసూలు చేసింది. చెప్పుకోదగ్గ ఖనిజం అందులో ఎన్నడూ తేలలేదు. సిర పొడవునా వెలిసిన కంపెనీల్లో, వసూలు చేసిన దానికంటే ఎక్కువ డివిడెండు పంచినవి వేళ్ల మీద లెక్కపెట్టదగ్గవి.

రెండో భారం మార్జిన్. 100 డాలర్ల షేరుకు కొనేవాడు సగం తెస్తే, మిగతా సగం బ్రోకరు అప్పుగా పెట్టేవాడని అనుకుందాం. ధర 150కి పెరిగితే కొన్నవాడి 50 డాలర్లు రెండింతలవుతాయి. అదే ధర 60కి జారితే బ్రోకరు ఇంకా డబ్బు తెమ్మంటాడు. తేలేకపోతే ఆ షేరు అప్పటికప్పుడు అమ్ముడుపోతుంది. ఒకరి అమ్మకం ధరను తగ్గిస్తుంది, ఆ తగ్గుదల పక్కవాడిని అమ్మకానికి నెడుతుంది. పనిమనుషులు, గుమస్తాలు, బండివాళ్లు, వితంతువులు ఈ ఉచ్చులో చిక్కారు. సర్వం పోగొట్టుకుని, తెగనమ్మిన చిల్లర షేర్ల చుట్టూ తిరిగేవాళ్లతో నిండిన సందుకు శాన్ ఫ్రాన్సిస్కో జనం దివాలాకోరుల సందు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

పెత్తనం ఎందుకు కావాలి

డివిడెండు ఇవ్వని గనిలోనూ లాభం తీసే దారులున్నాయి. డైరెక్టర్ల బోర్డు ఎవరి చేతిలో ఉంటే, ఖనిజం ఏ మిల్లుకు వెళ్లాలో, దుంగలు ఎవరి దగ్గర కొనాలో వాళ్లే తేలుస్తారు. అందుకే వార్షిక ఎన్నికల ముందు షేర్లు ఎగబడి కొనేవారు.

దీన్ని పద్ధతిగా నడిపింది 1864లో డేరియస్ మిల్స్, విలియం రాల్‌స్టన్ స్థాపించిన బ్యాంక్ ఆఫ్ కాలిఫోర్నియా. వర్జీనియా సిటీలో దాని ఏజెంటు విలియం షారన్ అందరికంటే తక్కువ వడ్డీకి మిల్లులకు అప్పులిచ్చాడు. గడ్డురోజులు రాగానే ఆ మిల్లులను జప్తు చేశాడు. 1867లో వాటన్నిటినీ ఒక కంపెనీ కిందికి తెచ్చాడు. 1869లో వర్జీనియా అండ్ ట్రకీ రైలుమార్గం వేయించాడు. గని, మిల్లు, రైలు, అప్పు అన్నీ ఒక్క కూటమి గుప్పిట్లోకి వచ్చాయి.

పెత్తనంతో వచ్చే అసలు లాభం సమాచారం. కొత్త ఖనిజం తగిలితే కూలీలను పైకి రానివ్వకుండా, అదనపు జీతమిచ్చి, తిండీ పడకా లోపలే ఏర్పాటు చేసి రోజుల తరబడి ఉంచిన సందర్భాలున్నాయి. ఆ లోగా పెద్దలు బజారులో చవకగా షేర్లు కొనుక్కునేవారు. 1870లో క్రౌన్ పాయింట్ గనిలో జరిగింది చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. షేరు రెండుమూడు డాలర్లు పలుకుతున్న రోజుల్లో లోతున ఖనిజం కనపడింది. సూపరింటెండెంటు జాన్ జోన్స్, అతని తోడుదారు ఆల్విన్జా హేవర్డ్ గుట్టుగా షేర్లు పోగుచేసి, గనిని బ్యాంకు కూటమి చేతిలోంచి లాక్కున్నారు. 1872లో అదే షేరు 1,800 డాలర్లు దాటింది.

నలుగురు ఐరిష్‌వాళ్లు

గనివాళ్ల నోట రెండు స్పానిష్ మాటలు ఆడేవి. ఖనిజం సమృద్ధిగా ఉంటే బొనాంజా, వట్టి రాయి అయితే బొరాస్కా. నావికుల భాషలో అవి మంచి వాతావరణం, తుపాను. కామ్‌స్టాక్‌లో అతిపెద్ద బొనాంజా నలుగురు ఐరిష్ సంతతివారికి దక్కింది. జాన్ మెకే, జేమ్స్ ఫెయిర్ గనిపని ఎరిగినవాళ్లు. జేమ్స్ ఫ్లడ్, విలియం ఓ'బ్రయన్ శాన్ ఫ్రాన్సిస్కోలో సారా దుకాణం నడుపుతూ బ్రోకర్ల మాటలు వింటూ షేర్ల ఒడుపు నేర్చినవాళ్లు. ఎవరూ పట్టించుకోని కన్సాలిడేటెడ్ వర్జీనియా గనిపై పెత్తనాన్ని వాళ్లు లక్ష డాలర్లకు అటూ ఇటూగా సంపాదించారు. పక్క గని షాఫ్టు నుంచి 1,167 అడుగుల లోతున అడ్డంగా సొరంగం తవ్వించారు. ఒక సన్నని ఖనిజపు పొరను పట్టుకుని పోగా, 1873లో అది విశాలమైన ముద్దగా విచ్చుకుంది.

ఆ గని షేర్లు అప్పటికి 1,08,000. 1874 మేలో షేరుకు 3 డాలర్ల నెలసరి డివిడెండు మొదలై, 1875లో 10 డాలర్లకు పెరిగింది. అంటే ఒక్క నెలకే 10,80,000 డాలర్లు. ఇదీ, దీన్నుంచి విడదీసిన కాలిఫోర్నియా గనీ కలిసి మొత్తం 10 కోట్ల డాలర్లకు పైగా లోహం ఇచ్చాయి. అందులో 7.4 కోట్లు డివిడెండుగా పంచాయి. కామ్‌స్టాక్‌లో వాటాదారుకు ఇంతగా మేలుచేసిన గనులు వేరే లేవు.

1875: ఏడాదంతా దెబ్బలు

1875 జనవరి మొదట్లో కన్సాలిడేటెడ్ వర్జీనియా షేరు 700 డాలర్లు తాకింది. పెత్తనం కోసం పెద్దల మధ్య సాగిన పోటీలో ఓఫిర్ షేరు 315కు ఎగిసింది. ఆ నెలలోనే బజారు విరిగింది. మార్జిన్ మీద కొన్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు కూలారు. చతురస్రపు చట్రాలు కనిపెట్టిన డైడెస్‌హైమర్ ఆ ఖనిజానికి 150 కోట్ల డాలర్ల విలువ కట్టాడు. తన అంచనాను తానే నమ్మి షేర్లు కొని దివాలా తీశాడు. కొండను అంత దగ్గరగా ఎరిగిన మనిషికే లెక్క తప్పింది. నగరంలో కూర్చుని ధరలు మాత్రమే చూసినవాళ్లకు తప్పడంలో వింత లేదు.

ఆగస్టు 26న బ్యాంక్ ఆఫ్ కాలిఫోర్నియా తలుపులు మూసింది. మర్నాడు రాల్‌స్టన్ శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలో ఈతకు దిగి ప్రాణాలు విడిచాడు. అక్టోబరు 26న వర్జీనియా సిటీలో చాలా భాగం అగ్నికి ఆహుతైంది. గనులు మాత్రం సాగాయి. 1877లో ఉత్పత్తి శిఖరానికి చేరింది. ఆ ఒక్క ఏడాదిలో 2.1 కోట్ల డాలర్ల వెండి, 1.4 కోట్ల డాలర్ల బంగారం వచ్చాయి.

ధర వెనుక ఉన్న చెమట

ఈ షేర్ల కింద మనుషులు పనిచేశారు. రోజుకు 4 డాలర్ల కూలి, ఎనిమిది గంటల పని ఆ కాలానికి మెరుగైన ఒప్పందమే. దాన్ని కార్మిక సంఘం పోరాడి నిలబెట్టుకుంది. కానీ లోతున రాయి కాలేది, ఒళ్లు కాలేంత వేడి నీళ్లు పగుళ్లలోంచి చిమ్మేవి. మనిషికింతని మంచుగడ్డలు దింపితేనే పని సాగేది. 1869 ఏప్రిల్ 7న యెల్లో జాకెట్ గనిలో మంటలు లేచి కనీసం 35 మంది చనిపోయారు. అంత కష్టపడిన కూలీలే జీతం మిగిల్చి షేర్లు కొన్నారు, అసెస్‌మెంట్లు కట్టారు.

కొండ నుంచి రూపాయి దాకా

1870లలోనే జర్మనీ వెండి నాణేలను వదిలి బంగారానికి మారింది. 1873లో అమెరికా వెండి డాలరును చట్టం నుంచి తీసేసింది. ఒకవైపు గిరాకీ తగ్గి, మరోవైపు కామ్‌స్టాక్ వంటి గనుల వెండి పోటెత్తడంతో దాని ధర ప్రపంచమంతటా జారింది. వెండి రూపాయి మీద నడిచే భారతదేశానికి ఆ దెబ్బ తగిలింది. 1870ల మొదట్లో దాదాపు రెండు షిల్లింగులకు మారిన రూపాయి, 1890ల మొదటికి షిల్లింగు మూడు పెన్నీల దగ్గరకు వచ్చింది. లండన్‌కు పౌండ్లలో కట్టాల్సిన సొమ్ముకు భారత ఖజానా మరిన్ని రూపాయలు వెచ్చించాల్సి వచ్చింది. ఉత్తర సర్కారుల రైతు శిస్తు కట్టిందీ ఆ రూపాయల్లోనే. చివరికి 1893లో ప్రభుత్వం ప్రజలు తెచ్చే వెండిని నాణేలుగా ముద్రించడం ఆపేసింది.

ఆట ముగిసిన తీరు

1878లో సియెర్రా నెవాడా అనే గనిలో ఖనిజం దొరికిందన్న వార్తతో ఆఖరి జోరు లేచింది. కొన్ని డాలర్ల షేరు సెప్టెంబరులో వందల్లోకి పోయి, ఏడాది తిరక్కముందే కూలింది. అది తెచ్చిన నష్టంతో జనంలో కోపం రగిలింది. 1879 నాటి కాలిఫోర్నియా కొత్త రాజ్యాంగం మార్జిన్ మీద జరిగే షేర్ల ఒప్పందాలు చెల్లవని రాసుకుంది. కొండ లోతుల్లో మరో పెద్ద బొనాంజా దొరకలేదు. 1880ల తొలినాళ్లకు ఉత్పత్తి 1877లో వచ్చిన దానిలో చిన్న భాగానికి దిగింది. లాభపడినవాళ్లలో షారన్, జోన్స్, ఫెయిర్ అప్పటికే నెవాడా తరఫున సెనేట్‌కు వెళ్లారు. మెకే అట్లాంటిక్ సముద్రం కింద టెలిగ్రాఫు కేబుళ్లు వేయించాడు.

1862లో మొదలైన ఆ బోర్డు పేరు మార్చుకుంటూ మైనింగ్ ఎక్స్ఛేంజిగా వందేళ్లకు పైగా బతికింది. షేరు అమ్మే కంపెనీ తన లోపలి సంగతులు కొనేవాడికి చెప్పి తీరాలన్న చట్టాలు 1930లలో అమెరికాలో వచ్చాయి. ఆ చట్టాలను అమలుచేసే సంస్థ, సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్, ఆ ఎక్స్ఛేంజి గుర్తింపును రద్దు చేయడంతో 1967లో అది మూతపడింది.