నార్ఫోక్ దీవిలో నాలుగేళ్లు

1834లో విలియం అల్లథార్న్ అనే క్యాథలిక్ ఫాదరీ సిడ్నీలో ఓడెక్కి నార్ఫోక్ దీవికి వెళ్లాడు. అక్కడ తిరగబడ్డ ఖైదీలకు శిక్షలు ఖరారయ్యాయి. ఎవరికి ఉరో, ఎవరికి ప్రాణభిక్షో చెప్పి, పోయేవాళ్ల చేత చివరి ప్రార్థన చేయించడం ఆయన పని. పేర్లు చదివాడు. ప్రాణాలు దక్కినవాళ్లు బావురుమన్నారు. ఉరి ఖాయమైనవాళ్లు ఒకరి తర్వాత ఒకరు మోకరిల్లి దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. తన కళ్లతో చూసిన ఈ సంగతిని ఆయనే తర్వాత రాసిపెట్టాడు. 13 మందిని ఉరి తీశారు.

సిడ్నీకి 1,600 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, నడిసముద్రంలో ఉన్న చిన్న దీవి అది. బ్రిటన్‌లో నేరం చేసి ఆస్ట్రేలియాకు ప్రవాస శిక్ష మీద వచ్చి, అక్కడ మళ్లీ నేరం చేసినవాళ్లను 1825 నుంచి ఈ దీవికి తోలేవారు. ఇక బాగుపడరని రాజ్యం తేల్చేసిన మనుషులు వాళ్లు. కొరడా, సంకెళ్లు, చీకటి కొట్టు తప్ప ఆ దీవిలో మరో మాట లేదు. అలాంటి చోటికి 1840 మార్చిలో అలెగ్జాండర్ మెకానకీ అధికారిగా వచ్చాడు.

ఈయన పుట్టింది 1787లో, ఎడిన్‌బరోలో. నౌకాదళంలో చేరాడు. నెపోలియన్ యుద్ధాల్లో 1811లో పట్టుబడి, 1814 దాకా ఫ్రాన్సులో యుద్ధఖైదీగా ఉన్నాడు. తర్వాత లండన్‌లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీకి తొలి కార్యదర్శి అయ్యాడు, యూనివర్సిటీ కాలేజీలో భూగోళశాస్త్రం చెప్పాడు. 1837లో టాస్మానియా గవర్నరుకు ఆంతరంగిక కార్యదర్శిగా వెళ్లి, అక్కడి ఖైదీల బతుకు చూసి ఊరుకోలేక ఒక నివేదిక రాశాడు. ఈ శిక్షలు ఖైదీనే కాదు, కొట్టేవాణ్ణీ చెడగొడుతున్నాయన్నాడు. అది లండన్‌లో అచ్చయింది, టాస్మానియాలో ఉద్యోగం ఊడింది. తాళాలు చేతబట్టిన అధికారుల్లో తాళం అవతల కూర్చున్న అనుభవం ఉన్నవాడు అరుదు. ఆయన ఆలోచనలన్నిటికీ మూలం ఆ అనుభవమేనని నా నమ్మకం.

ఆయన వాదన ఇది. ఏడేళ్ల శిక్ష పడినవాడు ఒళ్లొంచి పనిచేసినా ఏడేళ్లే, ఎగ్గొట్టినా ఏడేళ్లే. అలాంటప్పుడు బాగుపడాలని ఎవడికి ఉంటుంది? పైగా ఎప్పుడు లేవాలో, ఏం తినాలో, ఎటు నడవాలో ఏళ్ల తరబడి ఇంకొకరే చెబుతారు. గేటు దాటిన రోజు మాత్రం అన్నీ సొంతంగా తేల్చుకోవాలి. తేల్చుకునే అలవాటే పోయినవాడు వారం తిరక్కుండా పాత స్నేహాల దగ్గరికే చేరతాడు. జైలు గతానికి శిక్ష వేయడంతో సరిపెట్టకూడదు, బయటి బతుకుకు తయారు కూడా చేయాలన్నాడు మెకానకీ.

అందుకే శిక్షను రోజుల్లో కాక మార్కుల్లో లెక్కగట్టాడు. ఏడేళ్ల ఖైదీకి 6,000 మార్కులు, పదేళ్లవాడికి 7,000, యావజ్జీవానికి 8,000. పనిచేసి, సవ్యంగా నడుచుకుని అవి సంపాదించాలి. మామూలు కూటికి మించి ఏం కావాలన్నా ఆ మార్కులతోనే కొనుక్కోవాలి. ఇప్పుడే ఖర్చుపెట్టి నాలుక తీపి చేసుకోవాలా, దాచుకుని ముందే బయటపడాలా అన్నది వాడి ఇష్టం. కొంత కాలానికి ఆరుగురేసి జట్టు కట్టాలి. జట్టులో ఒకడు తప్పుచేస్తే మార్కులు ఆరుగురికీ తెగుతాయి. పక్కవాడి మంచిచెడ్డలు పట్టించుకోవడం అలా మొదలవుతుందని ఆయన లెక్క.

ఉరికంబాన్ని తీయించేశాడు. సాగు చేసుకోవడానికి తలా కాస్త నేల ఇచ్చాడు. పుస్తకాలు, సంగీత వాద్యాలు తెప్పించాడు. చనిపోయిన ఖైదీల సమాధుల మీద పేరు చెక్కిన రాళ్లు పెట్టుకోనిచ్చాడు.

వచ్చిన రెండు నెలలకే, 1840 మే 25న, విక్టోరియా రాణి పుట్టినరోజు పండుగ చేశాడు. సుమారు 1,800 మంది ఖైదీలను ఆ రోజంతా దీవిలో ఇష్టమొచ్చినట్టు తిరగనిచ్చాడు. పంది మాంసంతో విందు పెట్టాడు. నిమ్మరసంలో కాస్త రమ్ము కలిపి ఇస్తే రాణి పేరు చెప్పి తాగారు. సాయంత్రం ఖైదీలే నాటకమాడారు, బాణాసంచా కాల్చారు. బూర ఊదగానే ఎవరి బారకాసులకు వాళ్లు వెళ్లిపోయారు. చిన్న గొడవ కూడా జరగలేదు. కానీ ఖైదీలకు రమ్ము పోశారన్న కబురు సిడ్నీకి చేరగానే పత్రికలు దుమ్మెత్తిపోశాయి. దీవి మీద అధికారం ఉన్న సిడ్నీ గవర్నర్ గిప్స్‌కు తలనొప్పి మొదలైంది.

చార్లెస్ ఆండర్సన్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. నావికుడు. యుద్ధంలో తలకు దెబ్బ తగిలింది, తాగితే ఒళ్లు తెలిసేది కాదు. తాగిన మైకంలో చేసిన పనికి ఏడేళ్ల ప్రవాస శిక్ష పడింది. సిడ్నీ రేవులోని గోట్ ఐలాండ్‌లో అతన్ని రెండేళ్లు బండరాతికి గొలుసుతో కట్టేశారు. పడుకోవడానికి రాతిలో తొలిచిన గుంట, దానిమీద చెక్క మూత. కొరడా పుండ్లు మానక పురుగులు పట్టాయి. పడవల మీద వెళ్లే జనం వినోదానికి రొట్టెముక్కలు విసిరేవాళ్లు. నార్ఫోక్ దీవిలో మెకానకీ అతనికి మాట వినని కోడెలను అప్పగించి, ఎవరూ అతని జోలికి పోవద్దన్నాడు. కోడెలు లొంగాయి, మనిషీ కుదుటపడ్డాడు. ఆ తర్వాత కొండ మీది సిగ్నల్ స్తంభం బాధ్యత ఇచ్చారు. నావికుడి దుస్తుల్లో ఠీవిగా పని చేసుకుంటున్న ఆండర్సన్‌ను గిప్స్ దీవికి వచ్చినప్పుడు చూసి ఆశ్చర్యపోయాడు. అయితే తలకు తగిలిన దెబ్బ మాత్రం అతన్ని వదల్లేదు. చివరికి పిచ్చాసుపత్రి పాలయ్యాడు.

అంతా సాఫీగా సాగిందని రాస్తే అబద్ధమవుతుంది. 1842లో పన్నెండుమంది ఖైదీలు ఒక ఓడను పట్టుకున్నారు, ఆ గొడవలో ప్రాణాలు పోయాయి. అంతకంటే పెద్ద చిక్కు చట్టంతో వచ్చింది. మార్కులు పూర్తిచేసినవాణ్ణి తనంతట తాను విడుదల చేసే అధికారం మెకానకీకి లేనేలేదు. ఆశపెట్టినది చేతికి ఇవ్వలేకపోవడం ఆ పద్ధతి నడ్డి విరిచింది. ఆ తప్పు పైవాళ్లది.

1843లో గిప్స్ స్వయంగా వచ్చి చూసి, ఊహించినదానికంటే మెరుగ్గా ఉందని రాశాడు. అప్పటికే లండన్ మెకానకీని వెనక్కి పిలవాలని నిర్ణయించేసింది. 1844 ఫిబ్రవరిలో ఆయన దీవి విడిచాడు. వెనక వచ్చిన మేజర్ చైల్డ్స్ పాత కొరడాకే పని చెప్పాడు. ఖైదీలు సొంతంగా వండుకునే గిన్నెలు, తపేలాలు లాగేసుకోమన్నాడు. 1846 జులై 1న వాటి కోసమే తిరుగుబాటు జరిగింది. నలుగురు సిబ్బంది చచ్చిపోయారు, 12 మంది ఖైదీలను ఉరితీశారు. రెండేళ్లలో దీవి ఎక్కడ మొదలైందో అక్కడికే చేరింది.

మెకానకీ హయాంలో విడుదలై సిడ్నీ చేరిన పాత ఖైదీల్లో మళ్లీ శిక్షపడినవాళ్లు నూటికి ముగ్గురిని మించలేదని లెక్క చెబుతారు. ఆ రోజుల్లో రికార్డులు పక్కాగా ఉండేవి కావు కాబట్టి ఈ అంకెను తులం వేసి తూచలేం. కానీ వాళ్లెవరు? అప్పటికే రెండుసార్లు శిక్షపడినవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది మూడోసారి దొరక్కపోవడమే పెద్ద సంగతి.

మెకానకీ సగంలో వదిలేయాల్సి వచ్చిన పనిని ఐర్లండులో వాల్టర్ క్రాఫ్టన్ 1854 నుంచి ఎత్తుకున్నాడు. విడుదలకు ముందు కొన్నాళ్లు లస్క్ అనే ఊళ్లో గోడలు లేని చోట పొలం పని. ఆపైన షరతుల మీద విడుదల. అక్కడ నన్ను ఆకట్టుకున్న మనిషి జేమ్స్ ఆర్గన్. ఖైదీలకు పాఠాలు చెప్పే పంతులు. డబ్లిన్‌లో యజమానుల గడప గడపా తొక్కి విడుదలైనవాళ్లకు పని ఇప్పించేవాడు, చేరాక కూడా వెళ్లి ఎలా ఉన్నారో కనుక్కునేవాడు. మార్కుల పద్ధతికి లోటుగా ఉన్న ఆఖరి మెట్టు అదే.

మన జైళ్లలో సత్ప్రవర్తనకు శిక్షలో రోజులు తగ్గించే రెమిషన్, అనంతపురంలో, చర్లపల్లిలో ఉన్న ఓపెన్ జైళ్లు, హైదరాబాద్‌లో ఖైదీలు నడిపే పెట్రోలు బంకు ఈ దారిలోవే. ఇవి చాలా మంచి పనులు. ఆర్గన్ చేసిన పని మాత్రం మన దగ్గర ఇంకా ఎక్కువగా ఎవరో దయగల జైలరు, ఏదో స్వచ్ఛంద సంస్థ ఓపికకే మిగిలింది. దాన్ని జైళ్ల శాఖలో ఒక ఉద్యోగంగా, జీతమిచ్చి, ప్రతి జిల్లాలో పెట్టాలి. మన వంతు కూడా ఉంది. షెడ్డు నడిపేవాళ్లు, కాంట్రాక్టు పనులు చేయించేవాళ్లు, హోటలు యజమానులు ఈ వ్యాసం చదువుతుంటే వాళ్లకో మనవి. జైలు నుంచి వచ్చినవాడు పని అడిగితే, పాత కేసు గురించి అడగండి, తప్పులేదు. వెనక్కి పంపే ముందు ఏం పని వచ్చో కూడా అడగండి.