బొంబాయి హిందూ జింఖానా క్రీడాకారుల అనంతర చరిత్రము

క్రీడాసంఘముల చరిత్రము వ్రాయువారు సాధారణముగా జయాపజయములను, పరుగుల లెక్కలను పేర్కొని విరమింతురు. ఆడినవారు మైదానమును వీడి యెచ్చటికి పోయిరి, వారి నెవ్వరు చేరదీసిరి అను విషయము కూడ సంఘచరిత్రమున విచార్యమే. ఇందులకు 1894 లో బొంబాయిలో స్థాపితమైన పరమానందదాసు జీవనదాసు హిందూ జింఖానా మంచి నిదర్శనము. మతముల వారీగా జరిగిన బొంబాయి క్రికెట్టు పోటీలకు హిందువుల జట్టును కూర్చినది ఈ సంఘమే. ఆ జట్టువారికి ఆటయే జీవనోపాధి కాదు.

వారిలో అగ్రగణ్యుడు పల్వంకర్ బాలూ (1876–1955). చర్మకార కులజుడగు ఈయన పూనాలో ఆంగ్లేయుల క్లబ్బున నెలకు 4 రూపాయల జీతముపై మైదానపు పని చేయుచు, అభ్యాసవేళ దొరలకు బంతులు వేసి విద్య నార్జించెను. పూనా హిందువుల జట్టులో చేరిన పిదప, ఆయన ముట్టిన బంతిని సహక్రీడాకారులందరును ముట్టుచుండిరి. విరామవేళ తేనీరు మాత్రము ఆయనకు వెలుపల వేరు పాత్రలో నిచ్చుచుండిరి. తరువాత బొంబాయి చేరి, రైల్వేలో ఉద్యోగించుచు జింఖానా పక్షమున ఆడెను. 1906 లో హిందువులు ఐరోపీయులను 109 పరుగుల తేడాతో ఓడించిరి. 1911 ఇంగ్లండు పర్యటనమున బాలూ 114 వికెట్లు పడగొట్టెను. అయినను హిందూ జట్టునకు ఆయన నాయకుడుగా నియుక్తుడు కాలేదు. ఆ గౌరవము 1923 లో తమ్ముడైన విఠలునకు లభించెను; ఆ యేడు హిందువులే విజేతలైరి.

అనంతరము బాలూ ప్రజాజీవితమున ప్రవేశించి, 1932 లో పూనా ఒడంబడికపై చేవ్రాలు చేసెను. 1937 బొంబాయి శాసనసభ ఎన్నికలలో కాంగ్రెసు పక్షమున డాక్టరు అంబేద్కరునకు ప్రత్యర్థిగా నిలిచి పరాజితుడయ్యెను.

ఇదే జట్టున ఆడిన దినకర బలవంత దేవధరు పూనాలో సంస్కృతాచార్యుడు. 1926 లో ఇంగ్లండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై 148 పరుగులు చేసెను. పిదప 1939–40, 1940–41 సంవత్సరములలో మహారాష్ట్ర జట్టునకు రంజీ ట్రోఫీ గెలిచి యిచ్చెను. 101 యేండ్లు జీవించి 1993 లో పరమపదించెను.

నాగపూరు తెలుగు కుటుంబమున 1895 లో జనించిన కొఠారి కనకయ్య నాయుడు హిందువుల పక్షమున అదే 1926 లో, అదే ఎం.సి.సి. జట్టుపై 153 పరుగులు చేసెను. ఇందూరు హోల్కరు ప్రభువు ఆయనను ఆహ్వానించి తన సైన్యమున పదవి నిచ్చెను. 1932 లో లార్డ్సు మైదానమున భారతదేశపు మొదటి టెస్టు ఆటకు నాయకత్వము వహించెను. 1953–54 లో ఆంధ్ర జట్టు రంజీ పోటీలలో తొలిసారి ప్రవేశించినపుడు, అరువదికి చేరువైన వయస్సున ఆ జట్టును నడపినవాడును ఈయనయే.

ఈ మూడు జీవితములను సరిపోల్చి చూడుడు. దేవధరునకు విద్యాపీఠమును, నాయుడునకు రాజాదరమును మైదానమునకు వెలుపల నిలువ నీడ నిచ్చెను. బాలూ ప్రతిభలో వారికి తీసిపోయినవాడు కాడు. అయినను పంక్తిలో సమానాసనమునకే ఆయన పోరాడవలసి వచ్చెను. మత ప్రాతిపదికపై జరిగిన ఆ పోటీలు 1946 తో ముగిసినవి. అవి నేర్పిన పాఠము మాత్రము ముగియలేదు.

కావున పోషకులైన మహాశయులకు నా విన్నపము: ప్రతిభావంతుడైన బాలునకు పతకమును, శాలువను ఒసగుటతో మన కర్తవ్యము తీరినదని తలపవలదు. వాని చదువు, జీవనోపాధి, పదిమందిలో వానికి దక్కు మర్యాద యెట్లున్నవో పదియేండ్ల తరువాత కూడ విచారింపవలెను. మన గుమ్మమునకు వెలుపల నిలిచిన ఇతరకులపు బాలుని విషయమునను ఇట్లే విచారించుట మనకు ధర్మము.