176 చుక్కల పసివాడు

1957లో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో రసెల్ కిర్ష్ అనే ఇంజనీరు, మూడు నెలల వయసున్న తన కుమారుడు వాల్డెన్ ఫోటోను తిరిగే డ్రమ్ముకు అంటించారు. ఫోటోపై పడి వెనుదిరిగిన వెలుతురును కొలిచే సాధనం చుక్క చుక్కకూ "తెలుపా, నలుపా?" అన్న ఒక్క ప్రశ్నకే జవాబిచ్చేది. ఆ జవాబులను సీయాక్ అనే కంప్యూటరు 0, 1 అంకెలుగా దాచుకుంది. అడ్డంగా 176, నిలువుగా 176, వెరసి 30,976 చుక్కలు. స్కానరు ద్వారా కంప్యూటరులోకి ప్రవేశించిన మొట్టమొదటి ఛాయాచిత్రం ఇదే.

నడిమి ఛాయల కోసం ఆయన చేసిన ఉపాయం ముచ్చటైనది. నలుపు తెలుపుల హద్దును మార్చుతూ అదే బొమ్మను పలుమార్లు స్కాన్ చేసి, ఫలితాలను ఒకదానితో ఒకటి కలిపారు. బూడిదరంగు పుట్టింది. కానీ ఛాయలు పెరిగినంత మాత్రాన వివరం పెరగదు. ఒక్కో చుక్క ఇంచుమించు పావు మిల్లీమీటరు. అంతకన్నా సన్ననిది ఏదైనా పక్కనున్న దానిలో కలిసిపోవలసిందే. రిజల్యూషన్ అంటే ఇదే సుమా! పక్కపక్కనే ఉన్న రెండు గీతలు రెండుగానే నిలుస్తాయా, ఒకటైపోతాయా అన్నది.

చుక్కలు చదరంగా ఉండి తీరాలన్న నియమమేమీ లేదు. అలా ఎంచుకున్నందుకు కిర్ష్ స్వయంగా నొచ్చుకున్నారు. ఎనభై ఏళ్ళు దాటాక, 2010లో, బొమ్మలోని అంచులను బట్టి ఆకారం మార్చుకొనే పిక్సెళ్ళను ప్రతిపాదిస్తూ వ్యాసం ప్రచురించారు. 2020లో కన్నుమూశారు. మన తెరలపై ఇంకా ఆ చదరాలే.

ఈ లెక్క మన పాత పుస్తకాలకూ వర్తిస్తుంది. అంగుళానికి 100 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే చుక్క మళ్ళీ పావు మిల్లీమీటరే, అంటే 1957 నాటి కొలతే. 300 అయితే మిల్లీమీటరులో పన్నెండో వంతు. ద, ధలకు తేడా అడుగున ఉన్న చిన్న గీత ఒక్కటే. చిన్న అచ్చులో అది చెరిగిందా, నీటి ధార కాస్తా ఎవరి దారో అయిపోతుంది! తరువాత ఎంత పెద్దది చేసినా సాఫ్టువేరు పక్క చుక్కలను చూసి ఊహిస్తుందే తప్ప పోయిన గీతను తేలేదు.

మా తాతగారి పుస్తకమొకటి 2004లో 100 చుక్కలకే స్కాన్ చేసి, ఫైలు చిన్నదైందని సంబరపడ్డాను. తరువాత ఆ పుస్తకం చెదల పాలైంది. ఇప్పుడు ఆ ఫైలులో కొన్ని పుటలను సందర్భాన్ని బట్టి ఊహించుకుంటూ చదువుతున్నాను.