ఓరుగల్లు గాలి కథ

ఓరుగల్లు అనగానే మనకు కోట గుర్తొస్తుంది, వేయిస్తంభాల గుడి గుర్తొస్తుంది. రాళ్ళకు చరిత్ర ఉంది సరే, ఈ ఊరి గాలికి మాత్రం లేదంటారా? ఉందండీ. ఆరేసిన తెల్లచీర మీద ఆ చరిత్ర చదువుకున్నది మన ఆడవాళ్ళే.

ఆ కథ రైలుతో మొదలవుతుంది. నిజాం రైలుమార్గం మన ఊరి మీదుగా 1889 నాటికి బెజవాడ చేరింది. 1929లో కాజీపేట–బల్హార్షా లైను పూర్తవడంతో ఢిల్లీ–మద్రాసు దారికి కాజీపేట పెద్ద కూడలి అయింది. అప్పట్లో అన్నీ బొగ్గు ఇంజన్లే. స్టేషను దగ్గర కాపురముండే ఇల్లాలు గాలి ఎటు వీస్తోందో చూసుకుని గాని బట్టలు ఆరేసేది కాదు.

తర్వాత 1934లో ఆజంజాహి మిల్లు వచ్చింది. వేల కుటుంబాలకు అన్నం పెట్టిన మిల్లు, చెడ్డమాట అనడానికి నోరు రాదు. కాని ఏ నూలుమిల్లులోనైనా దూది ఏకేచోట లేచే నూగు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. బిస్సినోసిస్ అని దానికో రోగం పేరుంది. దాని తీరు విచిత్రం. సెలవు ముగించుకుని పనిలోకి వెళ్ళిన మొదటిరోజునే ఛాతీ పట్టేసి ఆయాసం వస్తుంది. "నిన్న తిన్నదేదో పడలేదు" అనుకుని ఎంతమంది ఇల్లాళ్ళు వాముకషాయం కాచి ఇచ్చి ఉంటారో!

మిల్లు మూతపడి ఇరవై ఏళ్ళు దాటింది, బొగ్గు ఇంజన్లూ పోయాయి. మరి గాలి బాగుపడాలి కదా? వాటి స్థానంలోకి లారీలు, ఆటోలు, స్కూటర్లు, కొత్త ఇళ్ళ సిమెంటు దుమ్ము వచ్చిపడ్డాయి. ఒకే పూట హన్మకొండ చౌరస్తాలో పీల్చే గాలి వేరు, భద్రకాళి చెరువు గట్టున పీల్చేది వేరు.

కాలాన్నిబట్టి కూడా మారుతుంది. వానాకాలంలో చినుకులే గాలిని కడిగేస్తాయి. ఎండాకాలంలో రోడ్డు దుమ్ము, దానికి తోడు ఎనుమాముల మార్కెట్లో మిర్చిఘాటు! అసలు గడ్డుకాలం చలికాలం. రాత్రి నేల చల్లబడి కిందిగాలి బరువెక్కుతుంది, పైన వెచ్చటిగాలి గిన్నెమీద మూతలా కూర్చుంటుంది. పొగ పైకి పోలేక మన ముక్కుల ఎత్తులోనే నిలిచిపోతుంది.

కంటికి కనబడని సన్నధూళికి 2009లో మన దేశం పెట్టిన హద్దు, ఘనమీటరు గాలిలో ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 5 చాలన్నది. ఎనిమిదింతల తేడా!

ఊరి గాలి గురించి ఉపన్యాసాలిచ్చే పెద్దలు వంటింటి గాలి మాటెత్తరు. పిడకలు, కట్టెల పొగలో కళ్ళు పోగొట్టుకున్న అమ్మమ్మల లెక్క ఎవరు రాశారు? 1999లో దీపం పథకం కింద పేద మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. చాలా ఇళ్ళ గాలి మారింది అప్పుడే. సిలిండరు ధర పెరిగినప్పుడల్లా మళ్ళీ కట్టెలపొయ్యి వైపు చూసే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.

చలికాలంలో కిటికీలు తెల్లవారుజామున కాక, కాస్త ఎండెక్కాక తెరవండి. పసిపిల్లలనూ, ఉబ్బసం ఉన్నవాళ్ళనూ మంచులో తిప్పకండి. వాకిట్లో ఊడ్చిన ఆకులకు నిప్పు పెట్టకుండా గుంటలో వేస్తే ఉగాదికి పాదులకు ఎరువవుతుంది. పక్కింటావిడకు ఈ మాట తగువు రాకుండా చెప్పడం మాత్రం కాస్త నేర్పుగల పనే!