కొలువు దిగిన బళ్ళు

1948 సెప్టెంబరు 13న బెజవాడ వైపు నుండి బయలుదేరిన భారత సైన్యం కోదాడ, మునగాల, సూర్యాపేటల మీదుగా హైదరాబాదు దిక్కుగా సాగింది. నిజాం దళాలు వెనక్కి తగ్గుతూ సూర్యాపేట దాటాక మూసీ మీది వంతెనను పేల్చివేశాయి. ఆ దారి నగరంలోకి ప్రవేశించే చోటే నేటి ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్‌లు ఉన్నాయి. ఆనాటికి ఎల్.బి.నగర్ అన్న పేరే లేదు. లాల్ బహదూర్ శాస్త్రి పేరు ఆ తర్వాత వచ్చి చేరింది.

ఇప్పుడు అదే దారిని ఎదురు దిశలో పట్టుకుని పాత మోటారు సైకిళ్ళ యజమానులు ఆదివారం పూట చౌటుప్పల్ వైపో, సాగర్ రోడ్డు మీదనో సాగిపోతుంటారు. బుల్లెట్లు, జావాలు, యెజ్దీలు, రాజ్‌దూత్‌లు. ఇలాంటి గుంపుల్లో ఒకరిద్దరు మాజీ సైనికులు ఉండడం కద్దు. నల్లగొండ, ఖమ్మం, కోస్తా జిల్లాల నుండి వచ్చి దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, వనస్థలిపురం కాలనీలలో ఇళ్ళు కట్టుకున్న కుటుంబాలలో సైన్యంలో పనిచేసి వచ్చినవారూ ఉన్నారు. సైనికుడికి ఈ పాత బళ్ళ వ్యామోహమేమిటని చదువరులకు అనిపించవచ్చు. నా మటుకు నాకు ఆ ప్రశ్న తలకిందులుగా కనిపిస్తుంది. ఆ బళ్ళే ముందు సైన్యంలో చేరాయి. మిగిలిన యజమానులందరూ వాటిని పదవీ విరమణ తర్వాత ఎరిగినవారు. ఈయన ఒక్కడే కొలువులో ఉండగా ఎరిగినవాడు.

వాటి పుట్టుకే ఆయుధాగారాల పక్కన. బి.ఎస్.ఏ. అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. 1861లో తుపాకులు చేసేవారు కలిసి పెట్టుకున్న సంస్థ. మూడు తుపాకులను నిలబెట్టి చేర్చిన గుర్తు వారిది. రాయల్ ఎన్‌ఫీల్డ్‌కు ఆ పేరు ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ తుపాకుల కర్మాగారానికి విడిభాగాలు చేసి ఇచ్చినందువల్ల వచ్చింది. జావాను స్థాపించిన యానెచెక్ ప్రాగ్ నగరంలో ఆయుధాల ఫ్యాక్టరీ నడిపినవాడు. 1929లో వాండరర్ అనే జర్మన్ సంస్థ నుండి మోటారు సైకిల్ హక్కులు కొని, తన పేరులోని తొలి అక్షరాలనూ దాని పేరులోని తొలి అక్షరాలనూ కలిపి జావా అన్నాడు. మైసూరులో 1961 నుండి 1996 వరకు జావాలు, యెజ్దీలు తయారుచేసిన ఐడియల్ జావా ఆ కొమ్మకు కాసినదే.

రెండవ ప్రపంచ యుద్ధంలో బి.ఎస్.ఏ. ఎం20 బళ్ళు సుమారు 1,26,000 తయారయ్యాయి. రబ్బరు కరువైన రోజుల్లో వాటి హ్యాండిలు పిడులకు కాన్వాసు గుడ్డ చుట్టారు. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన బళ్ళను పలు దేశాలలో అమ్మేశారు. మనవాళ్ళు నేటికీ వాడే "డిస్పోజల్ బండి" అన్న మాట అలాంటి అమ్మకాలదే. పాత బళ్ళను కాపాడుకోవాలనే ఆలోచన సంఘరూపం దాల్చిందీ ఆ రోజుల్లోనే. 1946 ఏప్రిల్‌లో ఇంగ్లండులోని సర్రీ ప్రాంతంలో వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ ఏర్పడింది. తొలినాళ్ళలో 1931కి ముందు తయారైన బళ్ళకే అందులో చోటు. యుద్ధం ముగిసి ఏడాదైనా నిండని దేశంలో జనం ఇటువంటి పనికి పూనుకోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

మన బుల్లెట్ కథ అందరికీ తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాను. 1952లో భారత సైన్యం మద్రాస్ మోటార్స్ ద్వారా 350 సి.సి. బుల్లెట్లకు ఆర్డరు ఇచ్చింది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. అంటే ఈ దేశంలో బుల్లెట్ నిలదొక్కుకున్నదే సైన్యం వల్ల.

సిగ్నల్స్ దళంలో పనిచేసినవాడో, సికింద్రాబాదు తిరుమలగిరిలోని ఈ.ఎం.ఈ. శిక్షణ పొందినవాడో గుంపులో చేరితే మొదట తేడా తెలిసేది బండి స్టార్టు చేసేటప్పుడు. పాత బుల్లెట్‌ను బలంతో తన్నకూడదు. తాళం తిప్పి, కిక్కును మెల్లగా నొక్కుతూ, ఆంపియర్ మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా చూడాలి. అప్పుడు డీకంప్రెసర్ మీట పట్టి కిక్కును కొద్దిగా దాటించి, మీట వదిలి, ఒక్క తన్ను తన్నాలి. తొందరపడితే కిక్కు ఎదురుతిరిగి మోకాలి పని పడుతుంది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఒకటి పైకి, మూడు కిందికి. ఈ తరం కుర్రవాళ్ళు రోజుల తరబడి నేర్చుకునే ఈ వరుస ఆయనకు అలవాటుగా ఒంటబట్టి ఉంటుంది.

అసలు పేచీ రంగు దగ్గర వస్తుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 121వది రక్షణశాఖకు చెందని వాహనాలకు ఆలివ్ గ్రీన్ రంగు వేయరాదంటుంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది: తొలి రిజిస్ట్రేషన్ నాటి నుండి 50 ఏళ్ళు దాటాలి, అసలు రూపంలో ఉండాలి, పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. అటువంటివాటికి "వి.ఎ." అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల రుసుము, పదేళ్ళ గడువు. నిత్యం రోడ్డు మీద తిప్పరాదు. మరి సైన్యం నుండి వచ్చిన బండికి అసలు రూపం ఆలివ్ గ్రీనే కదా! ఒక నిబంధన అసలు రూపం ఉంచమంటుంది, మరొకటి ఆ రంగును వద్దంటుంది.

సైన్యం మొహం చూడని యజమానులే ఈ రంగు కోసం ఎక్కువ ఆరాటపడతారు. నల్లరంగు వేస్తే చరిత్ర చెరిగిపోతుందని వారి వాదం, కొట్టిపారేయదగినది కాదు. కానీ సైనికుడి వైపు నుండి ఆలోచిస్తే నాకు నల్లరంగే సబబనిపిస్తుంది. కొలువు దిగిననాడు మనిషి యూనిఫాం విప్పి పెట్టె అడుగున పెడతాడు. నౌకరీ చేయనివాడు దాన్ని తొడుక్కుని తిరిగితే ఆయనకు నచ్చదు. బండికి మాత్రం వేరే మర్యాద ఎందుకు? దాని సేవాచరిత్ర ఛాసిస్ నంబరులో, ఇంజను నంబరులో, డిస్పోజల్ కాగితాలలో ఉంది, రంగులో కాదు. ఏళ్ళ తరబడి ఆకారం పెద్దగా మారని బుల్లెట్ విషయంలో ఆ కాగితాలే దిక్కు. 1960ల నాటిదో 1990ల నాటిదో దూరం నుండి చూసి చెప్పడం ఎవరి తరం? పెట్రోలు, ఆయిలు, రిపేరు అన్నీ తేదీ వేసి రాసుకునే లాగ్‌బుక్ అలవాటు ఫౌజు నుండి వచ్చినవాడికి ఉంటుంది కనుక, ఆయన చేరిన గుంపులో మిగిలినవారి కాగితాలూ క్రమంగా ఒక దారికి వస్తాయి.

హెల్మెట్ సంగతి కూడా చెప్పాలి. 1935 మే నెలలో లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుపొందిన సైనికుడు తన బ్రఫ్ సుపీరియర్ బండి మీద నుండి పడి మరణించాడు. ఆయనను చూసిన వైద్యులలో ఒకరైన హ్యూ కెయిర్న్స్ తర్వాత సైన్యంలో వార్తలు మోసే మోటారు సైకిలిస్టుల తలగాయాలను పరిశీలించి 1941లో వ్యాసం ప్రచురించాడు. ఆ ఏడాది నవంబరులోనే బ్రిటిష్ సైన్యం హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. దిల్‌సుఖ్‌నగర్‌లో చలానాకు భయపడి హెల్మెట్ పెట్టుకునేవారికి ఈ సంగతి తెలిస్తే బాగుండును.

గుంపుగా వెళ్ళేటప్పుడు కుర్రకారు ముందుండాలని పోటీపడతారు. సైనిక కాన్వాయ్ పద్ధతి వేరు. నిదానమైన బండికి తగినట్టు అందరి వేగం ఉండాలి, మరమ్మత్తు తెలిసినవాడు చివర ఉండాలి. అందుకే హయత్‌నగర్ దాటాక ఫౌజీ బండిని చూడాలంటే వెనక్కి తిరగాలి. జావా ప్లగ్ మసిబారి ఆగినా, రాజ్‌దూత్ చెయిను ఊడినా అక్కడిదాకా వచ్చి ఆగేది ఆయనే. సంచిలో పాయింట్లు, కండెన్సర్, క్లచ్ వైరు, తుడవడానికి పాత బనీను గుడ్డ.